ప్లాస్మానా, ఎల్‌సీడీనా? రుషికొండలో మా మావయ్య టీవీ కథ

ఈరోజు ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు మీరు ఓ చిన్న పని చెయ్యాలి. మీ ఫోన్‌లో పూర్తి నలుపు ఫొటో ఒకటి ఓపెన్ చెయ్యండి. లేకపోతే కెమెరా మీద అరచెయ్యి గట్టిగా మూసి ఒక ఫొటో తీసుకోండి, చాలు. రూమ్‌లో లైటు ఆపేసి, బ్రైట్‌నెస్ ఫుల్లు పెట్టి ఆ ఫొటోని స్క్రీన్ నిండా చూడండి. స్క్రీన్ ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియనంత చీకటిగా ఉందా? అయితే మీది అమోలెడ్ ఫోను. నల్లగా ఉండాల్సిన చోట లేత నీలంగానో బూడిద రంగుగానో మసక వెలుతురు కనిపిస్తోందా? అయితే మీది ఎల్‌సీడీ. ఆ తేడా కళ్లలో పెట్టుకోండి. ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

ఈ ఎపిసోడ్ ఎందుకంటే, గీతం యూనివర్సిటీ దగ్గర రూమ్ తీసుకున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, రుషికొండలో నలుగురం కలిసి ఉంటున్నాం. 50 అంగుళాల ప్లాస్మా టీవీ ఆరు వేలకి ఇస్తామంటున్నారు. కొత్త ఎల్‌ఈడీ అయితే 32 అంగుళాలదే పది వేలు దాటుతోంది. ఏది కొనమంటావు?" అని. మంచి ప్రశ్న. ఆరు వేలకి 50 అంగుళాలంటే ఎవరికైనా చెయ్యి జేబులోకి వెళ్తుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను: వద్దు తమ్ముడూ. కానీ "పాత సామాను కాబట్టి వద్దు" అని నేను అనట్లేదు. చీకటి గదిలో ఆ పాత ప్లాస్మా బొమ్మ, నువ్వు కొనబోయే కొత్త 32 అంగుళాల ఎల్‌ఈడీ బొమ్మ కంటే ఇప్పటికీ బాగుండొచ్చు. వద్దనడానికి కారణం మీ గది, మీ ఊరు. అదెలాగో చెప్పాలంటే మా మావయ్య సంగతి చెప్పాలి.

మావయ్య స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉక్కునగరంలో క్వార్టర్. 2011లో 50 అంగుళాల ప్లాస్మా కొన్నారు. అప్పట్లో మా చుట్టాల్లో అదే పెద్ద టీవీ. పెట్టె దించడానికి ముగ్గురు మనుషులు పట్టారు, ముప్ఫై కిలోల పైనే ఉంటుంది మరి. ముందంతా మందమైన గాజు. సినిమా వేస్తే పిల్లలం అందరం అక్కడే. ఉక్కునగరం చూసినవాళ్లకి తెలుసు, చెట్ల నీడ బాగా ఉంటుంది. హాల్లో మధ్యాహ్నం కూడా చల్లటి నీడ. ఆ గదిలో ఆ టీవీ మెరిసిపోయేది. నలుపు నలుపులా, మనిషి చర్మం చర్మంలా కనిపించేది.

2019లో రిటైరయ్యి రుషికొండలో ఫ్లాట్ కొనుక్కున్నారు. సముద్రం కనిపించే ఫ్లాట్, హాలుకి ఒక పక్కంతా గాజు తలుపులు, బయట బాల్కనీ. జీవితాంతం దాచుకున్నది అందులోనే పెట్టారు. సామాను మారిన రెండో రోజే ఫోన్. "ఒరేయ్, ఏటిరా ఇది, టీవీ బొమ్మ వెలిసిపోయింది. లారీలో కుదుపుకి పాడైనట్టుంది." మెకానిక్‌ని పిలిచారు. ఆయన వచ్చి చూసి, "ప్యానెల్ వీకైపోయింది సార్, ఇంక పనికిరాదు, నేను మంచి ఎల్‌ఈడీ ఇప్పిస్తాను" అని, చూసినందుకు పదిహేను వందలు తీసుకుని వెళ్లాడు. మావయ్య దిగులు పడిపోయారు. అప్పుడే ఇంటికి చాలా ఖర్చయింది, మళ్లీ టీవీకి ఎక్కడినుంచి తేవాలి అని.

నేను ఆదివారం వెళ్లాను. పగలు చూస్తే నిజంగానే పాతచీరలా వెలిసిపోయి ఉంది. రాత్రి భోజనాలయ్యాక హాల్లో లైటు ఆపేసి, కర్టెన్లు మూసి ఏదో సినిమా పెడితే ఎప్పటి బొమ్మే! అత్త కూడా "అదిగో వచ్చింది" అంది. టీవీకి ఏమీ కాలేదు ఫ్రెండ్స్. మారింది గది. పదిహేను వందలు తీసుకున్నాయన పగలే వచ్చి పగలే వెళ్లిపోయాడు, అంతే.

ఇప్పుడు ఇది ఎందుకు జరిగిందో చూద్దాం. ప్లాస్మా అంటే ఏదో పెద్ద సైన్స్ అనుకోకండి. మీ ఇంట్లో పాత ట్యూబ్‌లైటు ఉంది కదా, అదే. ట్యూబ్‌లో పాదరసం ఆవిరి గుండా కరెంటు పోతే కంటికి కనపడని అతినీలలోహిత కాంతి పుడుతుంది. అది గొట్టం లోపల పూసిన తెల్లటి ఫాస్ఫర్ పొడికి తగిలితే వెలుతురు వస్తుంది. ప్లాస్మా టీవీలో రెండు గాజు పలకల మధ్య లక్షల కొద్దీ బుల్లి గదులుంటాయి. ఒక్కో గదిలో నియాన్, జినాన్ గ్యాసులు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫర్లు పూసి ఉంటాయి. కరెంటు తగిలిన గది వెలుగుతుంది, తగలనిది దాదాపు చీకటిగా ఉంటుంది. అంటే ప్రతి చుక్కా తన దీపం తానే. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, వాళ్ల విద్యార్థి రాబర్ట్ విల్సన్ దీన్ని తయారుచేశారు. టీవీ కోసం కాదండోయ్, ప్లేటో అనే కంప్యూటర్ పాఠాల సిస్టమ్‌కి తెర కావాలని. మొదట్లో ఒకటే రంగు, నారింజ.

ఎల్‌సీడీ దారి పూర్తిగా వేరు. దానికి సొంత వెలుతురు లేదు. వెనకాల ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందు లిక్విడ్ క్రిస్టల్ పొర. కిటికీకి అద్దాల రెక్కలుంటాయి చూడండి, తిప్పితే వెలుతురు వస్తుంది, మూస్తే ఆగుతుంది, అలాంటి రెక్కలు కోట్ల కొద్దీ ఉన్నాయనుకోండి. రెక్క ఎంత గట్టిగా మూసినా సందులోంచి కాస్త వెలుతురు జారుతుంది. ఇందాక మీ ఫోన్‌లో కనిపించిన బూడిద రంగు అదే. వెనకాల దీపం మొదట్లో సన్నటి ట్యూబులు, తర్వాత ఎల్‌ఈడీలు వచ్చాయి. కాబట్టి షాపులో "ఎల్‌సీడీ కాదు సార్, ఇది ఎల్‌ఈడీ" అంటే నవ్వుకోండి. ఎల్‌ఈడీ టీవీ అంటే ఎల్‌ఈడీ దీపం పెట్టిన ఎల్‌సీడీయే. క్యూఎల్‌ఈడీ కూడా ఎల్‌సీడీయే, మధ్యలో రంగుల కోసం క్వాంటమ్ డాట్ పొర ఒకటి ఎక్కువ. మినీ ఎల్‌ఈడీ కూడా అంతే, వెనకాల దీపాలు చిన్నవి, ఎక్కువ, గుంపులు గుంపులుగా ఆరిపోగలవు. ఒక్క ఓఎల్‌ఈడీ మాత్రమే వేరే జాతి. దానిలో ప్రతి చుక్కా తన దీపం తానే. అంటే ప్లాస్మాకి అసలు వారసుడు ఓఎల్‌ఈడీ. మంచి గుణాలూ అవే, చెడ్డ గుణాలూ చాలావరకు అవే. ఈ ముక్క ఇక్కడ వదిలేసి మళ్లీ వస్తాను.

మావయ్య హాల్లో ఏం జరిగిందంటే, ప్లాస్మా ముందున్న గాజు అద్దంలా మెరుస్తుంది. అది ఒకటి. రెండోది, లోపల పూసిన ఫాస్ఫర్ పొడి ఆరిపోయి ఉన్నప్పుడు లేత రంగులో ఉంటుంది. బయటి వెలుతురు దాని మీద పడితే చెదిరి వెనక్కి వస్తుంది. అంటే నలుపు చూపించాల్సిన చోట గది వెలుతురే కనిపిస్తుంది. మూడోది, తెర అంతా ఒకేసారి తెల్లగా వెలగాలంటే చాలా కరెంటు కావాలి. అంత లాగితే వేడెక్కిపోతుంది కాబట్టి టీవీయే తనంతట తాను బ్రైట్‌నెస్ తగ్గించేసుకుంటుంది. రాత్రి సీను అద్భుతంగా ఉంటుంది, పగటి క్రికెట్ మ్యాచ్ మసకగా ఉంటుంది. మరి మావయ్య చూసేది పగటి క్రికెట్టే! పీఎం పాలెం స్టేడియం అక్కడికి దగ్గర. 2005 ఏప్రిల్ 5న అక్కడే పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు, మావయ్య ఆ మ్యాచ్ స్టాండ్‌లో కూర్చుని చూశారు. ఇప్పటికీ ఏ మ్యాచ్ వచ్చినా ఆ కథ ఒకసారి వినాల్సిందే.

రుషికొండలో సముద్రం తూర్పు వైపు. అంటే పొద్దున్న సూర్యుడు నేరుగా బాల్కనీలోంచి హాల్లోకి వస్తాడు. పైగా నీటి మీద పడిన ఎండ కూడా మెరుస్తుంది. మావయ్య టీవీని బాల్కనీకి ఎదురు గోడకి పెట్టారు. అందరూ అలాగే పెడతారు, సోఫాలో కూర్చుంటే వెనక సముద్రం గాలి, ముందు టీవీ. దాంతో టీవీలో బొమ్మ కంటే సముద్రమే బాగా కనిపించేది.

సరే, ఒక చిట్కా. కొత్త టీవీ కొనాలనుకుంటే, షాపుకి వెళ్లకముందే మీ ఫోన్ స్క్రీన్ ఆపేసి, టీవీ పెట్టాలనుకున్న గోడకి ఆనించి పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. మీరు సోఫాలో కూర్చుని చూడండి. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఆ నల్లటి అద్దంలో కిటికీ కనిపిస్తే టీవీలోనూ కిటికీయే కనిపిస్తుంది. పక్క గోడ, అంటే కిటికీకి అడ్డంగా ఉండే గోడ, చాలాసార్లు బెటర్. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఐదు వేలు ఎక్కువ పెట్టి కొన్న టీవీ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మావయ్యకి ఇది చెప్పి టీవీని పక్క గోడకి మార్చాం, కర్టెన్లు కాస్త మందమైనవి కొన్నారు. ఇంకో మూడేళ్లు నడిచింది. 2022లో పూర్తిగా పోయింది. ఆ పోయిన తీరు మాత్రం రుషికొండలో ఉండేవాళ్లు జాగ్రత్తగా వినాలి.

ఒకరోజు ఆన్ చేస్తే టిక్కుమని శబ్దం వచ్చి ఆరిపోయింది. ఈసారి వేరే మెకానిక్, నిదానస్తుడు. వెనక మూత విప్పాడు. పవర్ బోర్డు మీద, కనెక్టర్ల దగ్గర పచ్చటి చిలుము, తెల్లటి పొడి. "సముద్రం సార్" అన్నాడు, ఒక్క మాట.

ఉప్పు ఎలా పనిచేస్తుందో చూడండి. అల విరిగినప్పుడల్లా సన్నటి తుంపర గాలిలోకి లేస్తుంది. నీరు ఆరిపోయి ఉప్పు రేణువులు గాలితో పాటు ఇళ్లలోకి వస్తాయి. ఉప్పుకి ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దగ్గర దాటితే అది తేమ పీల్చుకుని తనే ద్రవమైపోతుంది. వర్షాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చూసే ఉంటారు. విశాఖ తీరంలో ఆ తేమ చాలా రోజులు మామూలే. అంటే బోర్డు మీద పడిన ఉప్పు ధూళి సాయంత్రానికి కరెంటు ప్రవహించగల పల్చటి నీటి పొర అవుతుంది, పగలు మళ్లీ ఆరుతుంది. రోజూ ఇదే. రాగి తీగలు తినేస్తుంది. ప్లాస్మాకి ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది విపరీతంగా వేడెక్కుతుంది, ఆ వేడి పోవడానికి వెనక పెద్ద పెద్ద సందులు, కొన్ని మోడళ్లలో ఫ్యాన్లు కూడా ఉంటాయి. బయటి గాలిని తనే లోపలికి లాక్కుంటుంది అన్నమాట. లోపల వోల్టేజీలు కూడా ఎక్కువ, దాదాపు 200 వోల్టుల దాకా ఉంటాయి. ఉప్పు తడి, దాని మీద అంత వోల్టేజీ.

"బోర్డు మార్చలేమా?" అని మావయ్య అడిగారు. ఎక్కడినుంచి వస్తుంది? పానసోనిక్ 2013 డిసెంబర్‌లో ప్లాస్మా ప్యానెళ్ల తయారీ ఆపేసింది. శామ్‌సంగ్ 2014 నవంబర్ 30తో ఆపింది. ఎల్‌జీ కూడా అదే ఏడాది చివరికి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న కదా, విశాఖలో కరెంటు తిరిగొచ్చి జనం టీవీలు ఆన్ చేసుకుంటున్న ఆ వారాల్లోనే ప్రపంచంలో ప్లాస్మా అనేది అయిపోతోంది. ఇప్పుడు దొరికే బోర్డులన్నీ వేరే చచ్చిన టీవీలోంచి పీకినవే. తమ్ముడూ, నీ ఆరు వేల టీవీకి అసలు ధర ఇక్కడుంది. కనీసం పదకొండు, పన్నెండేళ్ల వయసు. ఒక బోర్డు పోతే ఆరు వేలూ పోయినట్టే.

చాలామంది అనుకుంటారు, ప్లాస్మా బొమ్మ బాగోక పోయిందని. అస్సలు కాదు. పయనీర్ కంపెనీ కురో అనే ప్లాస్మాలు చేసింది, 2009లో టీవీల నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. చాలా ఏళ్ల తర్వాత కూడా మంచి నలుపు అంటే వాటితోనే పోల్చేవాళ్లు. ప్లాస్మా ఓడిపోయింది షోరూముల్లో. షోరూమ్ నిండా తెల్లటి లైట్లు. ఆ వెలుతురులో పక్కపక్కన పెడితే ఎల్‌సీడీ తళతళమంటుంది, ప్లాస్మా మసకబారుతుంది. కొనేవాడు ఐదు నిమిషాలు చూసి తళతళలాడేది కొంటాడు. దానికి తోడు ప్లాస్మా బుల్లి గదుల్ని మరీ చిన్నగా చెయ్యడం కష్టం. అందుకే 32 అంగుళాల ప్లాస్మాలు అరుదు, 4కే అయితే ఇళ్లకి రానే లేదు. చాలా 42 అంగుళాల ప్లాస్మాలకి అసలు చుక్కలు 1024 బై 768 మాత్రమే. మీ చేతిలో ఫోన్‌కి అంతకంటే ఎక్కువ ఉంటాయి! అయినా కేబుల్‌లో వచ్చే పాత ఎస్‌డీ చానెళ్లు దాని మీద చక్కగా కనిపించేవి, అది వేరే విషయం.

కరెంటు సంగతి కూడా ఓసారి లెక్కేద్దాం. 50 అంగుళాల ప్లాస్మా సుమారు 300 వాట్లు లాగుతుంది, అదే సైజు ఎల్‌ఈడీ సుమారు 100. తేడా 200 వాట్లు. రోజుకి ఆరు గంటలు చూస్తే 1.2 యూనిట్లు, నెలకి 36. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా నెలకి 216. పైగా ఏపీలో స్లాబులు కదా, ఆ 36 యూనిట్లు మిమ్మల్ని పై స్లాబులోకి తోస్తే ఇంకా ఎక్కువ. ఆరు వేలకి కొన్నది రెండేళ్లలో ఇంకో ఐదు వేలు కరెంటు బిల్లులో తినేస్తుంది. రూమ్‌లో ఏసీ ఉంటే, ప్లాస్మా వదిలే వేడిని చల్లార్చడానికి దానికీ పని పెరుగుతుంది.

ఇప్పుడు మావయ్య కొత్త టీవీ. షోరూమ్‌కి వెళ్లాం. సేల్స్ అబ్బాయి నేరుగా ఓఎల్‌ఈడీ దగ్గరికి తీసుకెళ్లాడు. నల్లటి తెర మీద రంగురంగుల చేపలు, తేనె చుక్కలు. మావయ్య కళ్లు చెదిరిపోయాయి. "మన పాత ప్లాస్మాలా ఉందిరా!" అన్నారు. చూశారా, ఏమీ తెలియకుండానే అసలు పాయింట్ పట్టేశారు. నేను మాత్రం పక్కకి లాగాను.

ఎందుకంటే మావయ్య టీవీ ఎలా చూస్తారో నాకు తెలుసు. పొద్దున్న ఆరింటికి న్యూస్ చానెల్ పెడితే మధ్యాహ్నం దాకా అదే. తెలుగు న్యూస్ చానెల్ ఎలా ఉంటుంది? మూలన లోగో, కింద ఎర్రటి పట్టీ, దాని కింద ఇంకో స్క్రోలింగు, పక్కన టైము. మధ్యలో మనుషులు మారతారు గానీ ఆ పట్టీలు మారవు. ప్రతి చుక్కా తన దీపం తానే అయినప్పుడు, ఎక్కువ వెలిగిన దీపం ముందు అరిగిపోతుంది. ఆ అరిగిన చోటు నీడలా శాశ్వతంగా మిగిలిపోతుంది. దీన్ని బర్న్-ఇన్ అంటారు. మావయ్య పాత ప్లాస్మాలో చివరి ఏడాది సినిమా చూస్తున్నా కింద న్యూస్ పట్టీ నీడ కనిపించేది. మీ అమోలెడ్ ఫోన్లలోనూ ఇంతే. ఏళ్ల తరబడి రోజంతా గేమ్ ఆడేవాళ్ల పాత ఫోన్లో తెల్లటి ఫొటో పెట్టి చూడండి, ఫైర్ బటన్ నీడ కనిపించొచ్చు. కొత్త ఓఎల్‌ఈడీల్లో దీనికి జాగ్రత్తలు చాలా పెట్టారు, చుక్కల్ని కాస్త జరపడం, లోగోని మసక చెయ్యడం లాంటివి. రోజూ రకరకాలుగా చూసేవాళ్లకి భయం లేదు. రోజుకి ఎనిమిది గంటలు ఒకే న్యూస్ చానెల్ చూసే రిటైర్డ్ మనిషికి, అదీ ఎండ పడే హాల్లో ఫుల్ బ్రైట్‌నెస్‌తో అంటే, నేను ఒప్పుకోను. ఎల్‌సీడీలో ఈ బాధ దాదాపు లేదు, అరిగేది వెనకున్న దీపం, అది అన్నిచోట్లా దాదాపు సమానంగా అరుగుతుంది.

కాబట్టి ఎల్‌సీడీ. ఏ ఎల్‌సీడీ అన్నది ఇంకో గొడవ. అత్త కూడా మాతో వచ్చింది. ఒక టీవీ నేనూ మావయ్యా దాదాపు ఖాయం చేసేశాం, కాంట్రాస్ట్ చాలా బాగుంది. అత్త పక్కకి వెళ్లి నిలబడి, "నేను వంటింట్లోంచి చూసేది ఇక్కణ్ణించే. మొహాలన్నీ సున్నం కొట్టినట్టున్నాయి" అంది. అత్త రైట్. ఎల్‌సీడీలో ముఖ్యంగా రెండు రకాల ప్యానెళ్లుంటాయి. వీఏ అనేదానిలో రెక్కలు గట్టిగా మూసుకుంటాయి, నలుపు బాగుంటుంది, కాంట్రాస్ట్ 3000కి 1 ఆ పైన. కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ అనేదానిలో కాంట్రాస్ట్ 1000కి 1 దగ్గర ఆగిపోతుంది, గానీ ఏ పక్కనుంచి చూసినా రంగులు నిలబడతాయి. ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా వీఏ కొనమంటారు. చీకటి గదికి అది నిజం. కానీ పగలు సముద్రపు వెలుతురు పడే హాల్లో ఆ లోతైన నలుపు కంటికి చేరేలోపే గది వెలుతురు దాన్ని కడిగేస్తుంది. దొరకని కాంట్రాస్ట్ కోసం అత్తకి రోజంతా సున్నం మొహాలు చూపించడం ఏం న్యాయం? ఐపీఎస్ తీసుకున్నాం. రాత్రి సినిమాలో నలుపు కాస్త బూడిదగానే ఉంటుంది, మావయ్య అప్పుడప్పుడు సణుగుతారు. టీవీ వెనక చిన్న లైటు పెట్టించాను, కొంచెం మెరుగు.

డబ్బా మీద ఏ ప్యానెలో చాలా కంపెనీలు రాయవు. ఒకే మోడల్ పేరుతో 43 అంగుళాలది ఒక రకం, 55 అంగుళాలది ఇంకో రకం ఉండొచ్చు. అందుకే అత్తలాగా పక్కకెళ్లి నిలబడండి. సేల్స్ అబ్బాయిని అడిగి వివిడ్ మోడ్ తీయించి స్టాండర్డ్‌లో పెట్టించండి. మీ పెన్‌డ్రైవ్‌లో ఒక న్యూస్ క్లిప్, ఒక రాత్రి సీను, ఒక క్రికెట్ క్లిప్ తీసుకెళ్లి వెయ్యమనండి. చేపల వీడియో ఎందులోనైనా బాగానే ఉంటుంది. సైజు సంగతైతే, ఏడెనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే 55 అంగుళాలు హాయిగా సరిపోతుంది. పన్ను విషయం కూడా మారింది. మావయ్య కొన్నప్పుడు 32 అంగుళాలు దాటిన టీవీలకి జీఎస్టీ 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 అయ్యింది. ఒకప్పుడు దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చేవాళ్లు లగేజీలో టీవీ తెచ్చేవాళ్లు గుర్తుందా? 2013 ఆగస్టులో దానికి సుమారు 36 శాతం కస్టమ్స్ సుంకం వేశాక ఆ సరదా తగ్గింది.

కొన్నాక అసలు పని ఉప్పుతో. వారంటీ కార్డు చదవండి, తుప్పుకి వర్తించదని చాలావాటిలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. టీవీని బాల్కనీ తలుపుకి వీలైనంత దూరంగా పెట్టండి. మధ్యాహ్నం సముద్రపు గాలి జోరుగా ఉన్నప్పుడు తలుపులు మూస్తే మంచిది, నాకు తెలుసు, రుషికొండలో ఆ గాలి కోసమే ఫ్లాట్ కొనుక్కుంటారు. కనీసం టీవీ మీదకి నేరుగా రాకుండా చూడండి. తుడిచేటప్పుడు పొడి గుడ్డతో రుద్దేయొద్దు, ఉప్పు రేణువులు గీతలు పెడతాయి. ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి, తర్వాత నీళ్లలో తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. స్ప్రే నేరుగా స్క్రీన్ మీద కొట్టొద్దు. వీకెండ్ ఫ్లాట్లకి ఇంకో విషయం: నెలల తరబడి తాళం వేసి ఉంచిన టీవీ, రోజూ వాడే టీవీ కంటే ముందు పోవచ్చు. వాడితే పుట్టే కాస్త వేడి లోపల తేమని ఆరబెడుతుంది. వెళ్లినప్పుడల్లా ఒక గంట నడపండి. తుఫాను వస్తే మాత్రం ప్లగ్గు పీకేయండి, కేబుల్ వైరు కూడా. గాలి ఆగాక కరెంటు వచ్చీ పోయీ ఆడుతుంది చూడండి, ఆ వోల్టేజీ దెబ్బకే చాలా పోతాయి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా దండగే, ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించుకోండి.

మరి ఓఎల్‌ఈడీ ఎవరికి? నాకు. నవ్వకండి. నా గది వెనక వైపు, చిన్న కిటికీ ఒకటే, న్యూస్ చూడను, రాత్రి పదింటికి లైటు ఆపేసి సినిమాలు. పైసలు కుదిరిన రోజు అదే కొంటాను. మావయ్య హాల్లో అదే టీవీ డబ్బు దండగ.

ఇక తమ్ముడూ, నీ విషయం. నలుగురూ పగలు క్లాసులు, రాత్రి సినిమాలు, బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబరో ఇంకోటో పెట్టుకుని ఓటీటీ అంటావు. ప్లాస్మాకి తగ్గ ప్రేక్షకులే మీరు, అది ఒప్పుకుంటాను. అయినా తూర్పు గాలి తగిలే రూమ్, ఏడాదికోసారి రూమ్ మారేవాళ్లు, ముప్ఫై కిలోల గాజు. ప్లాస్మాని పడుకోబెట్టి ఆటోలో వేశావంటే గాజు తన బరువుకి తనే పగలొచ్చు, నిలబెట్టే తీసుకెళ్లాలి. వద్దు. తలా ఇంకో రెండు మూడు వేలు వేసుకుని 43 అంగుళాల ఎల్‌ఈడీ చూడండి, కొత్తది కుదరకపోతే రెండేళ్ల లోపు వాడిన, బిల్లు ఉన్నది. కొనేముందు దాని వెనక హెచ్‌డీఎంఐ పోర్టుల్లోకి ఫోన్ టార్చి వేసి చూడు. పచ్చగా, తెల్లగా ఏదైనా కనిపిస్తే అది బీచ్ రోడ్డులో బతికిన టీవీ, వదిలెయ్.

మావయ్య పాత ప్లాస్మా ఏమైందని అడుగుతారేమో. ఇనపసామాన్లవాడు రెండొందలు ఇస్తానన్నాడు. లోపలి బోర్డులు, రసాయనాలు అలా రోడ్డు పక్కన పగలగొట్టకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలని చెప్పాను. మావయ్య సరేనన్నారు గానీ ఇంకా ఇవ్వలేదు. బాల్కనీ పక్క స్టోర్ రూమ్‌లో పాత దుప్పటి కప్పి పెట్టుకున్నారు. "ఏదో రోజు బోర్డు దొరుకుతుందేమోరా" అంటున్నారు.

సరే ఫ్రెండ్స్, మీ హాల్లో ఫోన్ ఆనించి చూసిన ఫొటోలు పంపించండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని గదులు కలిసి చూద్దాం. ఉంటాను మరి.